ఒకే మోడల్ డాక్ పెట్టెలు రెండు, లినక్స్ పీసీ ఒకటి: అనంతపురం సోలార్ ల్యాబ్ కేస్ స్టడీ

మధ్యాహ్నం 2:40 వరకు గ్రాఫ్ అనుకున్నట్టే ఉంది. రోజూ తుడుస్తున్న ప్యానెల్ గీత పైన, దుమ్ము పట్టనిచ్చిన ప్యానెల్ గీత కింద. 2:40కి ఒక్క రీడింగ్ తేడాతో దుమ్ము ప్యానెల్ పైకి ఎక్కింది. ఎండ తగ్గేదాకా పైనే ఉండిపోయింది.

అనంతపురం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ, ఈఈఈ ల్యాబ్ నుంచి ఈ గ్రాఫ్ నా దగ్గరికి వచ్చింది. ల్యాబులకు లినక్స్ మీద డేటా అక్విజిషన్ (డాక్, అంటే సెన్సర్ల కొలతలను పీసీలోకి ఎక్కించడం) సెటప్‌లు చేసిపెట్టడం నా పని. పిల్లల ప్రాజెక్టు ప్రశ్న చాలా మంచిది: నీళ్లకు కటకటలాడే ఈ జిల్లాలో సోలార్ ప్యానెల్‌ను ఎన్ని రోజులకోసారి కడిగితే సరిపోతుంది? పక్కనే 1000 మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు ఉంది, మన పల్లెల్లో సోలార్ మోటార్లు ఉన్నాయి. తుడవడం ఎంత అవసరమో అంకెల్లో చెప్పగలిగితే ఎందరికో పనికొస్తుంది. అందుకే ఆ అంకెలు తారుమారైతే ఊరుకోవడానికి లేదు.

టీమ్ అప్పటికే కొన్ని కారణాలు అనుకుని పెట్టుకుంది. గాలికి దుమ్ము కొట్టుకుపోయి ఉంటుందని ఒకరు, సెన్సర్ వేడెక్కిందని ఇంకొకరు, లూజ్ కాంటాక్ట్ అని మరొకరు. దుమ్ము ఎగిరిపోతే ఆ ప్యానెల్ రెండోదానితో సమానమవుతుంది, దాన్ని దాటిపోదు. పైగా ఆ ఒక్క రీడింగ్‌లో ఒక గీత ఎంత పెరిగిందో రెండోది సరిగ్గా అంతే తగ్గింది. ప్యానెల్స్ మారలేదు, వాటి పేర్లు మారాయి. నేను అక్కడి నుంచే మొదలుపెట్టాను.

సెటప్ ఏమిటంటే

డాబా మీద పక్కపక్కనే రెండు 100 వాట్ల ప్యానెల్స్. రెండింటికీ ఒకేలాంటి రెసిస్టెన్స్ లోడ్. ఒక్కో ప్యానెల్‌కు ఒక్కో యూఎస్‌బీ డక్స్-డి పెట్టె, అంటే వోల్టేజీని అంకెలుగా మార్చి పీసీకి పంపే డాక్ పరికరం. దీనికి 12 బిట్ల అనలాగ్ ఇన్‌పుట్లు ఎనిమిది ఉంటాయి. సున్నా నుంచి 4.096 వోల్టుల రేంజ్ పెట్టుకుంటే ఒక్కో మెట్టు సరిగ్గా 1 మిల్లీవోల్టు, లెక్కకు చాలా సుఖం. ప్యానెల్ వోల్టేజీ 22 వోల్టుల దాకా వెళ్తుంది కాబట్టి 56 కిలో ఓమ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో డివైడర్ (వోల్టేజీని తగ్గించే అమరిక) కట్టారు. అది పెట్టె దగ్గరికి వచ్చేసరికి సుమారు 3.3 వోల్టులు అవుతుంది. కరెంటు కొలవడానికి ఏసీఎస్712 సెన్సర్, 20 ఆంపియర్ల రకం. ఆంపియర్‌కు 100 మిల్లీవోల్టులు ఇస్తుంది, అంటే మెట్టుకు 10 మిల్లీఆంపియర్లు. ప్యానెల్ వెనక వేడి కొలవడానికి ఎల్ఎం35 సెన్సర్. ఒక్కో పెట్టెలో మూడు ఛానెల్స్ వాడకంలో ఉన్నాయి, ఐదు ఖాళీ. ఈ ఖాళీ ఛానెల్స్ తర్వాత అక్కరకొచ్చాయి.

రెండు పెట్టెలూ నాలుగు పోర్టుల హబ్‌కు, హబ్ డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం) నడిచే పీసీకి. పీసీ యూపీఎస్ మీద ఉంది. హబ్ అడాప్టర్ మాత్రం గోడకున్న మామూలు ప్లగ్గులో ఉంది.

పెట్టెల గురించి ల్యాబ్ అసిస్టెంట్‌ను అడిగాను.

"అన్నా, ఇవి ఎప్పుడూ పీసీకి పెట్టే ఉంటాయా?"

"లేదు సార్. సాయంత్రం పీకి బీరువాలో పెట్టేస్తా. బయట ఉంచితే దుమ్ము కమ్మేస్తుంది. పొద్దున వచ్చి మళ్లీ పెడతా."

"పెట్టేటప్పుడు ఏదైనా వరస ఉందా?"

"క్లీన్ అని రాసింది ముందు పెట్టమన్నారు పిల్లోళ్లు. అట్లే పెడతా. ఏ రంధ్రం ఖాళీగా ఉంటే దాంట్లో."

ఆయన చెప్పిన చివరి ముక్కలోనే సగం జవాబు ఉంది.

పెట్టె తగిలించగానే లోపల జరిగేది

లినక్స్‌లో ఇలాంటి పరికరాల డ్రైవర్లు చాలా కొమెడి అనే వ్యవస్థ కింద ఉంటాయి. దాన్ని మొదలుపెట్టిన వ్యక్తి డేవిడ్ ష్లీఫ్. చాలా ఏళ్లు కెర్నెల్‌లో (లినక్స్ మూల ప్రోగ్రామ్‌లో), ఇంకా పూర్తిగా సిద్ధం కాని డ్రైవర్లుండే స్టేజింగ్ విభాగంలో ఉండి, 2021లో 5.13 వెర్షన్‌తో అసలు డ్రైవర్ల సరసన చేరింది. మొదట్లో ఐఎస్ఏ కార్డుల (పీసీ లోపల గుచ్చే పాతకాలపు కార్డుల) కాలం కాబట్టి కార్డు ఏ అడ్రస్‌లో ఉందో, ఏ ఇంటరప్ట్ వాడుతుందో మనిషే చెప్పాలి. అందుకు కొమెడి కాన్ఫిగ్ అనే కమాండ్ ఉండేది. పీసీ ఆన్ అయిన ప్రతిసారీ దాన్ని నడపాలి, లేకపోతే కార్డు పలకదు.

యూఎస్‌బీ పరికరాలకు ఆ అవసరం లేదు. పెట్టె తగిలించగానే కెర్నెల్ దాని వెండర్ నంబర్, ప్రొడక్ట్ నంబర్ చదువుతుంది. యూఎస్‌బీ డక్స్‌కు వెండర్ నంబర్ 13డీ8. ఆ నంబర్లతో ఒక ప్రకటన బయటకు వెళ్తుంది, పరికరాల రాకపోకలు చూసుకునే యూడెవ్ అనే ప్రోగ్రామ్ దాన్ని అందుకుని సరిపోయే డ్రైవర్‌ను లోడ్ చేయిస్తుంది. డ్రైవర్ తనంతట తానే కొమెడికి చెప్పుకుని, ఖాళీగా ఉన్న మొదటి పరికరం నంబర్ (కొమెడి0, కొమెడి1 లాంటిది) తీసుకుంటుంది. తర్వాత ఫర్మ్‌వేర్ ఫైల్‌ను (పెట్టె లోపలి చిప్‌లో నడిచే ప్రోగ్రామ్‌ను) పెట్టెలోకి ఎక్కిస్తుంది. ఈ పెట్టెలో ఉన్నది సైప్రస్ కంపెనీ ఈజడ్-యూఎస్‌బీ ఎఫ్ఎక్స్2 రకం చిప్. కరెంటు పోతే దాని మెమరీలో ఫర్మ్‌వేర్ నిలవదు, అందుకే తగిలించిన ప్రతిసారీ ఎక్కించాలి. ఫర్మ్‌వేర్ ఫైల్ సిస్టంలో లేకపోతే కెర్నెల్ లాగ్‌లో మైనస్ 2 అనే ఎర్రర్ కనిపిస్తుంది. ఫైల్ దొరకలేదని దానర్థం. పెట్టె పాడైందని పక్కన పడేసేముందు ఆ లైన్ ఉందేమో చూడాలి. ఇక్కడ ఫర్మ్‌వేర్ సరిగానే ఎక్కుతోంది.

అంటే ఆటోమేటిక్‌గా జరగాల్సినదంతా జరుగుతోంది. అయినా ల్యాబ్‌లో రోజూ రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) లాగిన్ అయి ప్రోగ్రామ్ నడుపుతున్నారు. ప్రోగ్రామ్‌లో పరికరాల పేర్లు కొమెడి4, కొమెడి5 అని ఉన్నాయి. 4 నుంచి ఎందుకు మొదలైందని అడిగితే, "0 ఓపెన్ చేస్తే అలాంటి డివైస్ లేదంటోంది సార్, 4 పెడితే పని చేసింది" అన్నారు పిల్లలు.

దానికి కారణం పాత పీసీ. అందులో చేత్తో కాన్ఫిగర్ చేసే కార్డు ఉండేది. దాని సెట్టింగ్ ఫైళ్లను ఎవరో కొత్త పీసీలోకి అలాగే కాపీ చేశారు. అందులో ఒక లైన్ చేత్తో కాన్ఫిగర్ చేసే కార్డుల కోసం మొదటి నాలుగు నంబర్లు కేటాయించమంటోంది. అందువల్ల 0 నుంచి 3 దాకా ఫైళ్లు ఉంటాయి గానీ వాటి వెనక పరికరం ఉండదు. తమంతట తాము వచ్చే యూఎస్‌బీ పెట్టెలకు 4 నుంచి నంబర్లు. ఇంకో స్క్రిప్ట్ బూట్ అయినప్పుడల్లా యూఎస్‌బీ డక్స్‌ను కొమెడి కాన్ఫిగ్‌తో తగిలించబోతోంది. ఆ డ్రైవర్‌కు ఆ పద్ధతే లేదు, లాగ్‌లో ఆ మాటే ప్రతిరోజూ రాసి ఉంది. ప్రొక్ డైరెక్టరీలో కొమెడి అనే ఫైల్ తెరిస్తే ఏ నంబర్ వెనక ఏ డ్రైవర్ ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఇలాంటి సెటప్ ఎక్కడ చూసినా నేను మొదట తెరిచేది ఆ ఫైలే.

రూట్ సంగతి ఇంకా చిన్నది. ప్రోగ్రాములు కొమెడితో మాట్లాడేందుకు వాడే కొమెడిలిబ్ లైబ్రరీని ప్యాకేజీగా కాకుండా సోర్స్ నుంచి కంపైల్ చేసుకున్నారు. డెబియన్ ప్యాకేజీతో పాటు వచ్చే యూడెవ్ రూల్, ఐఓకార్డ్ అనే గ్రూప్ రెండూ అందువల్ల లేవు. రూల్ లేకపోతే పరికరం ఫైల్ రూట్‌కు తప్ప ఎవరికీ తెరుచుకోదు.

పేర్లు ఎక్కడ మారాయి

కెర్నెల్ లాగ్‌ను గ్రాఫ్ పక్కన పెట్టుకుని టైమ్ చూశాను. 2:39 దాటాక రెండు పెట్టెలూ ఒకేసారి డిస్‌కనెక్ట్. కొన్ని సెకన్లకు రెండూ తిరిగి కనెక్ట్. ఆ టైమ్‌లో కరెంటు పోయి జనరేటర్ వచ్చిందని అసిస్టెంట్ చెప్పారు. పీసీ యూపీఎస్ మీద నిలబడింది, హబ్ నిలబడలేదు.

పెట్టె ఊడిపోగానే కొమెడి దాని నంబర్‌ను ఖాళీ చేస్తుంది. తిరిగి వచ్చినప్పుడు ఎవరు ముందు వస్తే వాళ్లకు 4, తర్వాతి వాళ్లకు 5. ఆసుపత్రి ఓపీలో టోకెన్ లాంటిది, బయటికెళ్లి మళ్లీ వస్తే పాత టోకెన్ మనది కాదు. పొద్దున ఆ వరసను నిర్ణయించేది మనిషి చెయ్యి: క్లీన్ పెట్టె ముందు పెడతారు, దానికి 4 వస్తుంది. హబ్ పడిపోయి లేచినప్పుడు వరసను నిర్ణయించేది హబ్. కెర్నెల్ దాని పోర్టులను 1 నుంచి వరసగా చూసుకుంటూ పోతుంది. ఆ రోజు క్లీన్ పెట్టె మూడో పోర్టులో ఉంది, దుమ్ము ప్యానెల్ పెట్టె ఒకటో పోర్టులో. తిరిగి లేచాక 4 దుమ్ముది అయింది.

కరెంటు పోయిన ప్రతిరోజూ ఇలా ఎందుకు జరగలేదన్నదానికీ ఇదే జవాబు. క్లీన్ పెట్టె అనుకోకుండా చిన్న నంబర్ పోర్టులో పడిన రోజు, లేచిన తర్వాత కూడా వరస మారదు. గ్రాఫ్ బాగానే ఉంటుంది. ఏ రంధ్రంలో పెట్టారన్నది ఎవరూ రాసిపెట్టుకోరు కదా.

ప్రోగ్రామ్ కూడా దీన్ని దాచిపెట్టింది. చదవడంలో ఎర్రర్ వస్తే ఫైల్ మూసి, కాసేపు ఆగి, అదే పేరుతో మళ్లీ తెరిచేలా రాశారు. కరెంటు కోతలున్న ఊళ్లో రాయాల్సిన పద్ధతే అది. కానీ తిరిగి తెరుచుకున్న కొమెడి4 ఇందాకటి పెట్టేనా అని అడగడానికి అందులో ఏమీ లేదు.

అసిస్టెంట్‌ను పక్కన పెట్టుకుని హబ్ అడాప్టర్‌ను ప్లగ్గులోంచి తీసి పెట్టి చూశాం. క్లీన్ మూడో పోర్టులో ఉంటే ప్రతిసారీ తారుమారు. ఒకటో పోర్టులో ఉంటే ఎన్నిసార్లు తీసినా కదల్లేదు. "ఇంతేనా సార్!" అన్నారాయన. అన్నాళ్లూ పిల్లలు సెన్సర్లు మారుస్తూ పడిన టెన్షన్ అంతా ఆయన కళ్లారా చూసినదే.

పరిష్కారం

కరెంటు సంగతి ముందు. హబ్ అడాప్టర్‌ను యూపీఎస్ సాకెట్‌లోకి మార్చాం. దీంతో సమస్య కనిపించడం మానేస్తుంది గానీ పోదు. ఎవరి కాలైనా వైరుకు తగిలితే మళ్లీ అదే కథ. అందుకే దీన్ని పరిష్కారంగా లెక్కేయలేదు.

పాత కార్డు లైన్ తీసేశాను, బూట్ స్క్రిప్ట్ తీసేశాను, సోర్స్ నుంచి కట్టినది తీసి డెబియన్ ప్యాకేజీ వేశాను. పెట్టెలు 0, 1 నంబర్లకు వచ్చాయి. పిల్లల లాగిన్లను ఐఓకార్డ్ గ్రూప్‌లో చేర్చాను. గ్రూప్‌లో చేర్చాక ఒకసారి లాగౌట్ అయి రావాలి, లేదంటే అనుమతి రాలేదని గంటసేపు వెతుక్కుంటారు.

తర్వాత శాశ్వతమైన పేర్లు. మామూలుగా ఇలాంటి చోట పరికరం సీరియల్ నంబర్ పట్టుకుని యూడెవ్‌లో రూల్ రాస్తాం. ఈ పెట్టెల్లో సీరియల్ నంబర్ లేదు, రెండూ కెర్నెల్‌కు అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. మిగిలింది చోటు: ఏ కంట్రోలర్, ఏ హబ్, ఏ పోర్టు. ఆ దారిని యూడెవ్ ఐడీ పాత్ అనే పేరుతో ఇవ్వగలదు. డిస్కులకు, కీబోర్డులకు అది దానంతట అదే వస్తుంది. కొమెడి పరికరాలకు మాత్రం మన రూల్‌లోనే పాత్ ఐడీ బిల్టిన్‌ను (యూడెవ్ లోపలే ఉండే చిన్న సాధనాన్ని) పిలవాలి. ఆ లైన్ లేకుండా రాసిన రూల్ నోరు మెదపకుండా ఊరుకుంటుంది, ఎర్రర్ కూడా రాదు. బస్ నంబర్ మీద ఆధారపడి రాసే పద్ధతి కూడా ఉంది. ఒకటికి మించి కంట్రోలర్లున్న పీసీలో బస్ నంబర్లు బూట్‌కు బూట్‌కు మారవచ్చు కాబట్టి నేను వాడలేదు.

ఒకటో పోర్టులో ఉన్నదానికి, పరికరాల ఫైళ్లుండే డెవ్ డైరెక్టరీ కింద డాక్ ఫోల్డర్‌లో క్లీన్ అనే లింకు, మూడో పోర్టులో ఉన్నదానికి డస్ట్ అనే లింకు. ఇక్కడ ఒక చిక్కుంది. రూల్‌లో పరికరం పేరు కొమెడి పక్కన నక్షత్రం గుర్తు పెట్టి రాస్తే తప్పుతుంది. ఒక్కో పెట్టెకు అసలు ఫైల్‌తో పాటు సబ్‌డివైస్ ఫైళ్లు కూడా పుడతాయి: కొమెడి0 పక్కనే కొమెడి0 అండర్‌స్కోర్ సబ్‌డీ0 లాంటివి. వాటన్నిటి దారి ఒక్కటే. నక్షత్రం పెడితే అవన్నీ ఒకే లింకు కోసం పోటీ పడతాయి, లింకు ఏ ఫైల్ మీద వాలుతుందో చెప్పలేం. కొమెడి తర్వాత ఒక్క అంకె మాత్రమే ఉన్నవాటికి రూల్ వర్తించేలా, చదరపు బ్రాకెట్లలో 0 నుంచి 9 అని రాయాలి. అనుమతి ఇచ్చే రూల్ మాత్రం అన్నిటికీ వర్తించాలి, కాబట్టి రెండూ వేరువేరు లైన్లు.

ప్రోగ్రామ్ మొదలుపెట్టే పనిని కూడా మనిషి చేతిలోంచి తీసేశాం. యూడెవ్ రూల్‌లోంచి ప్రోగ్రామ్‌ను నేరుగా నడిపే వీలుంది గానీ అది క్షణాల్లో అయిపోయే పనులకే. రోజంతా నడిచే ప్రోగ్రామ్‌ను యూడెవ్ బతకనివ్వదు, ఈవెంట్ ముగిశాక చంపేస్తుంది. అందుకని రూల్‌లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) ట్యాగ్ పెట్టి, ఒక్కో లింకుకు ఒక్కో సర్వీస్ రాశాను. లింకు పుడితే సర్వీస్ మొదలవుతుంది, పెట్టె ఊడితే ఆగుతుంది. పొద్దున అసిస్టెంట్ పెట్టె తగిలిస్తే చాలు, రికార్డింగ్ మొదలైనట్టే.

ఇంతవరకు చేసినా నా మనసు ఒప్పుకోలేదు. పోర్టును నమ్మడమంటే, సరైన పెట్టెను సరైన పోర్టులో పెట్టే చేతిని నమ్మడం. హబ్ మీద ఎర్ర, ఆకుపచ్చ స్టిక్కర్లు వేశాం, నిజమే. అయినా నాకు కావాల్సింది ఏ పెట్టె అన్నది కూడా కాదు, దాని వెనక ఏ ప్యానెల్ ఉందన్నది. సెన్సర్ కేబుల్స్ కూడా పెట్టెల మధ్య మారిపోవచ్చు కదా.

ఖాళీ ఛానెల్స్ ఇక్కడ పనికొచ్చాయి. ప్రతి ప్యానెల్ నుంచి వచ్చే కేబుల్ ప్లగ్ లోపల, సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల సప్లై నుంచి రెండు రెసిస్టర్ల డివైడర్ కట్టి ఏడో ఛానెల్‌కు ఇచ్చాం. క్లీన్ ప్యానెల్ కేబుల్‌లో 39 కిలో ఓమ్, 10 కిలో ఓమ్: సుమారు 1 వోల్టు. డస్ట్ కేబుల్‌లో 20 కిలో ఓమ్, 30 కిలో ఓమ్: 3 వోల్టులు. ప్రోగ్రామ్ ప్రతి రీడింగ్‌తో పాటు ఏడో ఛానెల్ కూడా చదువుతుంది. క్లీన్ అని తెరిచిన లింకులో 1 వోల్టుకు అటూ ఇటూ 0.1 లోపల లేకపోతే ఆ రీడింగ్‌ను రాయదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ వోల్టేజీ కూడా ఫైల్‌లో ఒక కాలమ్‌గా నిలిచి ఉంటుంది. రేపు ఎవరైనా ఈ డేటాను అనుమానిస్తే, ఏ అంకె ఏ ప్యానెల్‌దో అదే వరుసలో సాక్ష్యం ఉంటుంది. నాలుగు రెసిస్టర్లకు అయ్యే ఖర్చు టీ ఖర్చు దాటదు. ఈ పనిలో నేను గట్టిగా సిఫార్సు చేసేది దీన్నే, సాఫ్ట్‌వేర్ రూల్స్ కంటే కూడా.

సోల్డరింగ్ పిల్లల చేతే చేయించాను. ప్లగ్ లోపల చోటు ఇరుకు, రెసిస్టర్ కాళ్లకు స్లీవ్ తొడగకపోతే పక్క పిన్నుకు తగులుతుంది. వాళ్లు ఓపిగ్గా చేశారు.

పాత డేటా

అన్నిటికంటే పెద్ద వాదన దీని మీదే జరిగింది. "గ్రాఫ్ చూస్తే ఎక్కడ మారిందో తెలిసిపోతోంది కదా సార్, అక్కడి నుంచి తిప్పేద్దాం" అన్నారు టీమ్‌లో ఒకరు. నేను ఒప్పుకోలేదు. క్లీన్ ప్యానెల్ ఎక్కువ ఇస్తుందా, ఎంత ఎక్కువ ఇస్తుంది అన్నదే ప్రశ్న అయినప్పుడు, ఎక్కువున్న గీతను క్లీన్ అని పేరు మార్చడమంటే జవాబును ముందే రాసుకోవడం. మబ్బులో, సాయంత్రపు ఏటవాలు ఎండలో రెండు గీతలు దగ్గరగా వచ్చేచోట కంటితో చూసి చెప్పడానికి అసలే ఉండదు.

ఒప్పుకున్న పద్ధతి ఇది. డెబియన్ 12లో జర్నల్ (సిస్టం లాగ్) డిస్క్ మీద నిలిచి ఉంటుంది కాబట్టి చాలా రోజుల కెర్నెల్ లాగ్ దొరికింది. పెట్టెలు ఏ పోర్టులో ఏ టైమ్‌కు వచ్చాయో అందులో ఉంది. పొద్దున ముందు తగిలించినది క్లీన్ అన్న నియమాన్ని అసిస్టెంట్ ఏ రోజూ తప్పలేదని చెప్పారు, పొద్దుటి రీడింగులను ఆ మాట ఆధారంగా తీసుకున్నాం. పగటి డిస్‌కనెక్ట్ ఉన్న రోజుల్లో, లాగ్‌లోని పోర్టుల వరస బట్టి తారుమారు అయిందని తేలిన భాగాన్నే తిప్పాం. అలా తిప్పిన ప్రతి రోజుకూ నివేదికలో లాగ్ లైన్ జతచేశాం. లాగ్ దొరకని రోజులను గ్రాఫ్ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేశాం. టీమ్‌కు మనసు నొచ్చుకుంది, అందులో మే నెల మంచి ఎండ రోజులున్నాయి. హెచ్‌ఓడీ సార్ మాత్రం వెంటనే, "ఆ రోజులు లేకుండానే రాయండి" అన్నారు. పిల్లలు కొలతలు మళ్లీ మొదలుపెట్టారు.

అప్పగించేటప్పుడు రెండు సంగతులు రాసి హబ్ పక్కన గోడకు అంటించాను. హబ్‌ను మార్చినా, పీసీలో వేరే యూఎస్‌బీ పోర్టుకు పెట్టినా దారి మారుతుంది, లింకులు పుట్టవు, రికార్డింగ్ మొదలుకాదు. అప్పుడు యూడెవ్‌అడ్మ్ ఇన్ఫో అనే కమాండ్‌తో కొత్త పోర్టు వివరాలు చూసుకుని, రూల్ ఫైల్‌లో ఆ రెండు లైన్లు మార్చి, రూల్స్ రీలోడ్ చేసి, పెట్టెను తీసి మళ్లీ పెట్టాలి. రెండోది, ఏడో ఛానెల్ ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్‌లో ఆ చెక్‌ను తీసేయకూడదు, ముందు కేబుల్ చూడాలి. ఇటీవల ఒకసారి ఆ ఎర్రర్ వచ్చిందని అసిస్టెంట్ ఫోన్ చేశారు. సెలవులో ఉన్న ఆయన బదులు వేరొకరు కేబుల్స్ అటుదిటు పెట్టారట. ప్రోగ్రామ్ ఒక్క రీడింగ్ కూడా రాయకుండా ఆగింది. ఆయన వచ్చి కేబుల్స్ మార్చేశాక దానంతట అదే నడిచింది.